పువ్వు లేకున్నా అగ్నిశిఖను పోల్చుకోవచ్చు

[తెర మీద: వానకు తడిసిన ఘాట్ రోడ్డు, పొద మీదికి పాకిన తీగ, ఎరుపు పసుపు పువ్వులు]

రాయగడ, కొరాపుట్ కొండదారుల్లో వానాకాలం తిరిగేవాళ్లు ఈ పువ్వును చూసే ఉంటారు. అగ్నిశిఖ. అడవినాభి అని కూడా అంటారు. ఒకే తీగకి ఒకటి పసుపుగా, ఇంకోటి ఎర్రగా ఉంటే రెండు రకాలనుకోకండి. మొగ్గ ఆకుపచ్చగా విప్పుకుని, పసుపుకి తిరిగి, ముదిరేకొద్దీ ఎర్రబారుతుంది.

[దగ్గరగా: కిందికి వేలాడే పువ్వు]

పువ్వు నేలచూపు చూస్తుంది, ఆరు రేకులేమో వెనక్కి మడిచి పైకి లేస్తాయి. అంచులు అలలు అలలుగా ఉంటాయి. కేసరాలు ఆరూ చుట్టూ చాపుకుని ఉంటే, కీలం మాత్రం మొదలు దగ్గరే ఒక పక్కకి వంగిపోతుంది. ఇలాంటి పువ్వును ఇంకోదాన్తో పొరబడడం కష్టమే.

పువ్వు లేనప్పుడే అసలు చిక్కు. మన కొండల్లో అడవి దుంపలు తవ్వి తినే ఇళ్లు చాలా ఉన్నాయి. అగ్నిశిఖకీ దుంప ఉంది, అది విషం.

[దగ్గరగా: ఆకు కొన]

ఇదిగో, ఇక్కడ ఆపి చూడండి. ఆకు కొన సన్నగా సాగి, నులితీగలా చుట్టుకుని పక్క కొమ్మను పట్టుకుంది. ఈ తీగ ఎగబాకేది ఆకు కొనలతోనే. ఈనెలు కూడా నిలువుగా, ఒకదాని పక్కన ఒకటి సాగుతాయి. తినే అడవి దుంపల తీగలు అలా కాదు, కాండమే కర్రకి మెలితిరుగుతుంది. వాటిలో చాలావాటి ఆకు హృదయాకారంలో ఉండి, ఈనెల మధ్య వల అల్లినట్టు ఉంటుంది.

[తెర మీద: మట్టిలో దుంప బొమ్మ]

వానలు తగ్గిపోయాక తీగ ఎండి మాయమవుతుంది, దుంప మాత్రం భూమిలో బతికే ఉంటుంది. ఏటా పాతది చివికి, దాని స్థానంలో కొత్త దుంప ఊరుతుంది. నాగలిలా రెండు పాయలుగా వంగి, కొన దగ్గర కూసుగా ఉంటుంది. తవ్వినప్పుడు ఆ వంపు కనిపిస్తే చేత్తో తడమకుండా వదిలేయండి. తీగ ఎండిపోయి ఆకు చూసుకునే వీల్లేకపోతే, ఎంత పెద్ద దుంపయినా నా మాట తవ్వకపోవడమే.

ఇందులో ఉన్నది కాల్చిసిన్ అనే విషం. గౌట్ అనే కీళ్లవాతానికి చాలా కొద్ది మోతాదులో వైద్యులిచ్చే మందే అది. ఉడకబెట్టినా పోదు. కొన్ని గంటల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. తిన్నట్టు అనుమానం వస్తే నాటుమందులు వెతక్కుండా, మిగిలిన దుంప ముక్క సంచీలో వేసుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

[చివరి చిత్రం: పగిలిన కాయ, ఎర్రటి గింజలు]

కాయ పండి పగిలితే ఎర్రటి గింజలు బయటపడతాయి. పిల్లలు ఏరుకుని ఆడుకునేలా ఉంటాయి. అవీ విషమే.