ఇంకోసారి చూడండి
(నర్సుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, ఎదురుగా కూర్చున్న నర్సింగ్ విద్యార్థులకు, వాళ్లను ఇంతదాకా చదివించిన తల్లిదండ్రులకు నమస్కారం. నన్ను సేవాభావం మీద మాట్లాడమన్నారు. రాత్రి డ్యూటీ దిగి, కునుకైనా తీయకుండా ఇక్కడికొచ్చి కూర్చున్నవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. వాళ్ల ముందు నేను సేవాభావం గురించి ఏం చెప్పను? నాకు తెలిసింది ఎమర్జెన్సీ వార్డు బయట వేసిన కుర్చీలు. వాటి గురించి చెబుతాను.

మా తమ్ముడికి ఒక సాయంత్రం బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. రాత్రయ్యేసరికి అది కుడివైపు కిందికి దిగింది. ఆసుపత్రికి తీసుకెళ్లాం. తలుపు దగ్గరున్న సిస్టర్ బీపీ, పల్స్, జ్వరం చూసింది, నొప్పి ఎక్కడని అడిగింది. మర్యాదగానే మాట్లాడింది. చీటీ మీద ఆకుపచ్చ గీత గీసి, పిలిచేదాకా కూర్చోమంది. ఆ గీతను నేను ఇవాళ్టికీ తప్పుపట్టను. ఆ నిమిషానికి వాడు నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు, బీపీ బాగుంది.

ముందొచ్చినవాళ్లను ముందు చూస్తామంటే ఎమర్జెన్సీ నడవదు. ఇది మీకు ఎలాగూ చెబుతారు, ఈ సభకొచ్చిన పెద్దవాళ్ల కోసం నేను చెబుతున్నాను. నెపోలియన్ సైన్యంలో లారే అనే సర్జన్ ఉండేవాడు. సేనాధిపతా, మామూలు సిపాయా అని చూడకుండా, గాయం ఎంత ప్రమాదమో దాన్నిబట్టి వైద్యం చేయాలని పట్టుబట్టినవాడు. ప్రమాదాన్నిబట్టి రోగుల్ని వరుస పెట్టే పద్ధతి, అంటే ట్రయాజ్, అక్కడినుంచి ఎదిగింది. 1990లలో ఇంగ్లండులో తయారైన మాంచెస్టర్ పద్ధతిలో ఐదు రంగులుంటాయి. ఎరుపైతే అప్పటికప్పుడు, నారింజైతే 10 నిమిషాల్లో, పసుపైతే 60, ఆకుపచ్చైతే 120, నీలమైతే 240 నిమిషాల్లోగా డాక్టరు చూడాలి. గుండెపోటుతో వచ్చిన మనిషి మా తమ్ముణ్ణి దాటుకుని లోపలికి వెళ్లాలి. వెళ్లాడు కూడా. దానికి నాకు ఏ బాధా లేదు.

నా బాధ ఆ తర్వాతిది. రంగు వేశాక మమ్మల్ని ఎవరూ చూడలేదు.

గంటలు గడిచాయి. వాడు మోకాళ్లు పొట్టకు ఆనించుకుని, చీటీ పిడికిట్లో బిగించి పట్టుకుని కూర్చున్నాడు. చెమటకు చీటీ నానిపోయి, ఆ ఆకుపచ్చ రంగు వేళ్లకు అంటింది. ఉన్నట్టుండి తలెత్తి, “తగ్గిందక్కా, ఇంటికి వెళ్లిపోదామా?” అన్నాడు. కిటికీ దగ్గరికి వెళ్లి చెప్పాను. “తగ్గిందంటే మంచిదేగా, కూర్చోండమ్మా” అన్నారు. తల కూడా ఎత్తలేదు.

మూడో సంవత్సరం పిల్లలూ, మీకు అర్థమైపోయి ఉంటుంది. ముఖాలు చూస్తుంటేనే తెలుస్తోంది. వాచిన అపెండిక్స్ పగిలితే లోపలి ఒత్తిడి ఒక్కసారిగా పోయి, కాసేపు నొప్పి సద్దుమణిగినట్టే ఉంటుంది. ఆ తర్వాత చీము పొట్టంతా పాకుతుంది. మీకు తెలుసు. కిటికీ అవతల ఉన్నవాళ్లకూ తెలుసు. కుర్చీలో ఉన్న మాకు తెలియదు. తెలిసినవాళ్లు లేచి వచ్చి, పొట్ట మీద ఒక్కసారి చెయ్యి పెట్టి చూసి ఉంటే! కాసేపటికి వాడికి వణుకు మొదలైంది. పొట్ట బల్లలా బిగుసుకుపోయింది. నేను గట్టిగా అరిస్తే అప్పుడు స్ట్రెచర్ వచ్చింది. అరవలేని మనుషుల సంగతేమిటి? ఒంటరిగా వచ్చిన ముసలివాళ్లు, నోరులేనివాళ్లు, ఆ ఊరి భాష రానివాళ్లు ఎవరి మీద అరవాలి?

తమ్ముడు బతికాడు. చిన్న కోతతో పోవలసింది పెద్ద ఆపరేషనై, పొట్టలో గొట్టంతో చాలా రోజులు మంచం మీద ఉన్నాడు.

ఇక్కడ రాత్రిపూట క్యాజువాలిటీలో డ్యూటీ చేసినవాళ్లు ఒకసారి చేతులెత్తండి. ఇంతమంది ఉన్నారు! మీ కష్టం నాకు తెలియదని అనుకోకండి. ఆ తర్వాత చాలామందిని అడిగి తెలుసుకున్నాను. ఎమర్జెన్సీ నిండిపోవడానికి దగ్గూ జలుబుకి వచ్చేవాళ్లే కారణమని అందరూ అంటారు. అసలు ఇరుకు అవతల తలుపు దగ్గర ఉంది. వార్డులో చేర్చాలని డాక్టరు రాసేశాక కూడా, పైన మంచం ఖాళీ లేక రోగులు ఎమర్జెన్సీలోనే పడి ఉంటారు. వాళ్లను చూసుకోవాల్సిందీ మీరే, కొత్తగా వచ్చేవాళ్లను చూడాల్సిందీ మీరే. ఇంగ్లండులో నాలుగు గంటల్లో తేల్చి పంపాలని నియమం పెట్టుకున్నారు. మొదట 98 శాతం మందికన్నారు, 2010లో దాన్ని 95కి దించారు, అదీ ఏళ్ల తరబడి అందడం లేదు. మంచాలు పెంచకుండా, మనుషుల్ని పెంచకుండా నర్సుల్ని తొందరపెడితే పని జరగదు. ఈ మాట యాజమాన్యాల ముఖం మీదే చెబుతాను. ఇక్కడ ఎవరైనా ఉంటే వినండి.

మంచాలు లేని రాత్రి కూడా చేయగలిగిన పని ఒకటుంది. దాన్ని అడగడానికే వచ్చాను. ఇంకోసారి చూడండి. రంగు ఆ నిమిషానికి వేసింది. రోగం అక్కడే ఆగి ఉండదు. నైటింగేల్ 1854లో టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి వెళ్లి, రాత్రిళ్లు దీపం పట్టుకుని వార్డులు తిరిగింది దేనికి? పగలు చూసినవాళ్లనే ఇంకోసారి చూడటానికి. ఇవాళ మీరు దీపం వెలిగించి చేసిన ప్రతిజ్ఞలో నాకు కనిపించింది అదే.

ఇంగ్లండులో మార్తా మిల్స్ అనే పదమూడేళ్ల అమ్మాయి 2021లో సెప్సిస్‌తో, అంటే ఇన్‌ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతిని, చనిపోయింది. పిల్లకు బాగాలేదని తల్లిదండ్రులు చెబుతూనే ఉన్నారు, వినిపించుకోలేదు. వాళ్ల పోరాటం వల్ల 2024లో అక్కడి ఆసుపత్రుల్లో మార్తా పేరుతో ఒక నియమం మొదలైంది. మనిషి పరిస్థితి దిగజారుతోందని ఇంట్లోవాళ్లకు అనిపిస్తే వేరే బృందాన్ని పిలిచి చూపించమని అడగొచ్చు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఇలాంటిదే ర్యాన్స్ రూల్ అని అంతకుముందునుంచే ఉంది. అవి ముఖ్యంగా ఆసుపత్రిలో చేరినవాళ్లను దృష్టిలో పెట్టుకుని వచ్చాయి. నేను బయటి కుర్చీల కోసం కూడా అడుగుతున్నాను.

ప్రిన్సిపాల్ గారూ, మీ పిల్లలు శిక్షణ పొందే ఆసుపత్రిలో చీటీ మీద రంగు పక్కన ఇంకో గడి పెట్టించండి. మళ్లీ ఎన్నింటికి చూస్తారో ఆ టైము అందులో రాయించండి. ఆ టైముకి ఎవరో ఒకరు కుర్చీ దగ్గరికి వచ్చి, పల్స్ పట్టుకుని, “నొప్పి ఎలా ఉంది? మారిందా?” అని అడగాలి. తగ్గిందని చెబితే, ఎలా తగ్గిందో కూడా అడగాలి. ఆలస్యమైతే ఎందుకైందో మైకులో చెప్పాలి. దానికి కొత్త మెషిన్లు అక్కర్లేదు. ఒక మనిషికి ఆ పనే అప్పగించాలి, ఆ మనిషిని మధ్యలో వేరే పనికి లాక్కుపోకూడదు. పర్యవేక్షకులు ఒప్పుకోకపోతే నన్ను పిలవండి, ఇదే మాట వాళ్ల దగ్గరికి వచ్చి చెబుతాను. సభయ్యాక నేను ఇక్కడే ఉంటాను. చేతులెత్తిన వాళ్లు వెళ్లిపోకుండా నాతో మాట్లాడండి. ఆ గడి పెడితే మీ డ్యూటీలో ఎక్కడ చిక్కొస్తుందో నాకు తెలియాలి.

నమస్కారం.