ఎక్స్-రే చెప్పని రెండో పొంగు

అందరికీ నమస్కారం.

1979 జులైలో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ నెత్తిన పడుతుందన్న భయంతో తెలుగు పల్లెల్లో కోళ్లు, మేకలు కోసుకుని తిన్న సంగతి మీ ఇళ్లలో పెద్దలు చెప్పే ఉంటారు. అది అనుకున్నదానికంటే ముందే ఎందుకు పడిపోయింది? ఆ ఏళ్లలో సూర్యుడు అంచనాలకు మించి చురుగ్గా ఉన్నాడు. సూర్యుడి తీవ్ర అతినీలలోహిత కాంతిని, అంటే ఈయూవీని, పై వాతావరణం పీల్చుకుని వేడెక్కి ఉబ్బింది. ఆ గాలి రాపిడికి స్కైలాబ్ కక్ష్య త్వరగా దిగజారింది. ఈ కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 10 నుంచి 120 నానోమీటర్లు. అది నేలదాకా రాదు. కొలవాలంటే పరికరాన్ని పైకి పంపాల్సిందే.

సూర్యుడు ఒక్కసారిగా శక్తిని ఎగజిమ్మినప్పుడు, అంటే సౌరజ్వాల వచ్చినప్పుడు, వార్తల్లో ఎం తరగతి, ఎక్స్ తరగతి అంటారు. అది జ్వాల ఎక్స్-రే ఎంత బలంగా ఉందో చెప్పే లెక్క మాత్రమే, ఈయూవీ సంగతి చెప్పదు. సూర్యుణ్ని గమనించడానికి 2010లో నాసా పంపిన ఎస్‌డీఓ ఉపగ్రహంలో ఈవ్ అనే పరికరం ఉంది. పది సెకన్లకోసారి ఈయూవీ వర్ణపటం, అంటే ఏ తరంగదైర్ఘ్యంలో ఎంత కాంతి ఉందో, తీయడం దాని పని. ఆ డేటాతో శాస్త్రవేత్త టామ్ వుడ్స్ బృందం 2011లో ఒక కొత్త విషయం బయటపెట్టింది. కొన్ని జ్వాలల్లో ఎక్స్-రే తగ్గిపోయిన చాలాసేపటికి, ఒక్కోసారి గంటలు గడిచాక, 33.5 నానోమీటర్ల దగ్గరి ఇనుము గీత, అంటే వర్ణపటంలో వేడి ఇనుము వెలువరించే కాంతి, మళ్లీ పొంగుతుంది. మొదట వెలిగిన వాటికంటే పొడవైన అయస్కాంత వలయాల్లో చిక్కిన ప్లాస్మా, అంటే విద్యుదావేశమున్న వేడి వాయువు, నిదానంగా చల్లారడమే దీనికి కారణం. ఈ రంగం మొత్తంలో నన్ను ఎక్కువగా కట్టిపడేసింది ఇదే.

మరి కొలత లేని సమయాల్లో ఏం చేస్తారు? శాస్త్రవేత్త ఫిల్ చాంబర్లిన్ రూపొందించిన ఫిస్మ్ అనే లెక్కల మోడల్ ఉంది. జ్వాల ఒక్కసారిగా ఎగిసే దశకు ఎక్స్-రే ఎంత వేగంగా మారుతోందో చూస్తుంది, తర్వాత నెమ్మదించే దశకు ఎక్స్-రే స్థాయినే తీసుకుంటుంది. అలా నిమిషనిమిషానికీ వర్ణపటాన్ని అంచనా వేస్తుంది. చాలా తెలివైన పద్ధతి. కానీ ఎక్స్-రే చల్లబడ్డాక వచ్చే రెండో పొంగును ఎక్స్-రే చూసి ఎలా పట్టుకోగలం?

అందుకే కొలతలు ఆగకూడదంటాను. ఈయూవీ తాకిడికి సెన్సర్లే పాడవుతాయి. వాటిని సరిచూసుకోవడానికి న్యూమెక్సికోలోని వైట్ శాండ్స్ నుంచి అలాంటి పరికరాన్నే చిన్న రాకెట్‌లో పంపి, కొన్ని నిమిషాలు కొలిచి, రీడింగులు పోల్చేవారు. అంత శ్రద్ధ పెట్టినా, ఈవ్‌లో 6 నుంచి 37 నానోమీటర్ల దాకా చూసే భాగం 2014 మేలో ఆగిపోయింది. రెండో పొంగును చూపిన ఇనుము గీత ఉన్నది అందులోనే.

2023 సెప్టెంబరులో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య ఎల్1 సూర్యుడి ఎక్స్-కిరణాలనూ, 200 నుంచి 400 నానోమీటర్ల అతినీలలోహితాన్నీ చూస్తోంది. ఈ రెంటి మధ్య ఉన్న ఈయూవీని కొలిచే పరికరం అందులో లేదు. మన తర్వాతి సౌర ఉపగ్రహంలో అది ఉండాలి.