ఓజీ నక్కల ప్రింట్ రివ్యూ: బొమ్మ సూపర్, ఆ గాజు మాత్రం వద్దు!

హాయ్ అండీ, నమస్తే. ముందే చెప్పేస్తున్నా, ఈ ప్రింట్ నేను కొనలేదు, షాపువాళ్లు ఫ్రీగా పంపారు. సైజు, పేపరు, రేటు వాళ్ల పేజీలో చూసే వచ్చుంటారు, ఆ సోది వదిలేద్దాం.

ఇది జపాన్ చిత్రకారుడు హిరోషిగే 1857లో వేసిన బొమ్మ. ఎడో, అంటే ఇప్పటి టోక్యో మీద ఆయన చేసిన వంద దృశ్యాల సిరీస్‌లోది. మన చేతిలో ఉన్నది పాత ప్రతి కాదు, కొత్తగా చెక్క అచ్చులు చెక్కి చేత్తో అద్దిన కాపీ.

ఏడాది చివరి రాత్రి నక్కలన్నీ ఓజీ అనే చోట ఒక ఎనోకి చెట్టు కింద చేరి, అక్కడ వేషం మార్చుకుని ఇనారి అనే పంటల దేవత గుడికి వెళ్తాయని అక్కడివాళ్ల నమ్మకం. వాటి దగ్గర వెలిగే మంటలు చూసి రైతులు వచ్చే పంట అంచనా వేసేవాళ్లట. మన ఊళ్లలో చేలల్లో కదిలే వెలుగుల్ని కొరివి దెయ్యాలంటారే, అదే టైపు. కాకపోతే మనం పరుగు లంకించుకున్నాం, వాళ్లు పంట లెక్కేసుకున్నారు!

సరే, నా పిచ్చి ఏంటో మీకు తెలుసు కదా... ఆకాశం. ఇదిగో దగ్గరగా చూడండి. పై అంచున చిక్కటి నలుపు, కిందికి వచ్చేకొద్దీ పలచబడుతోంది. దీన్ని బొకాషి అంటారు. తడి చెక్క మీద రంగును బ్రష్‌తో ఒకవైపు నుంచి పలచన చేసి, కాగితం పరిచి, బారెన్ అనే గుండ్రటి బిళ్లతో వెనక నుంచి రుద్దుతారు. ప్రతి కాగితానికీ మళ్లీ మొదటి నుంచే! అందుకే ఏ రెండు ప్రతులూ అచ్చం ఒకేలా రావు.

ఇంతకుముందు ఒహారా కోసోన్ అనే ఇంకో జపాన్ చిత్రకారుడి గుడ్లగూబ బొమ్మ ఒకటి కొన్నాను, మెషీన్ ప్రింట్. రాత్రంతా ఒకే బూడిద రంగు, గోడకి సున్నం కొట్టినట్టు. పక్షి బాగానే ఉంది, చీకటే లేదు. ఇందులో అలా కాదు. చెట్టు కింద నక్కల ఒళ్లు లేత పసుపు, పక్కనే చిన్న మంటలు. వెనక చీకట్లోంచి ఇంకో గుంపు వస్తోంది, చూశారా? ముందు మంటలే కనిపిస్తాయి, నక్కలు తర్వాత.

ఇక చిరాకు. ఫ్రేమ్‌కి మామూలు గాజు వేశారు. అసలే నల్లటి బొమ్మ, హాల్లో పెడితే నక్కల బదులు నా మొహం, ట్యూబ్‌లైటూ కనిపిస్తున్నాయి! ఇంత పనితనం ఉన్నదాన్ని అద్దం చేసి పెట్టారు. గాజు తీసేసి పక్క నుంచి వెలుగు పడేలా పెట్టాక గానీ నాకు కోపం తగ్గలేదు.

నా మాట వింటే, ఫ్రేమ్ లేకుండా ఇస్తామంటే కళ్లు మూసుకుని తీసుకోండి. ఫ్రేమ్‌తోనే అంటే బేరం ఆడండి.