మోకాలి ఎమ్మారైలో తెల్లగీత కనిపిస్తే మెనిస్కస్ చిరిగినట్టేనా?

[తెర మీద: మోకాలి సాజిటల్ చిత్రం (పక్కనుంచి చూసినట్టు), పీడీ ఫ్యాట్‌శాట్ (కొవ్వుని నల్లబరిచే స్కాన్ పద్ధతి)]

తొడ ఎముకకీ కాలి ఎముకకీ మధ్య, మొనలు ఎదురెదురుగా పెట్టుకున్న రెండు నల్లటి త్రికోణాలు చూడండి. అవి మెనిస్కస్ (ఆ రెండెముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి) ముందు కొమ్ము, వెనక కొమ్ము. మెనిస్కస్‌లో ఉండే పీచు మృదులాస్థిలో, అంటే ఫైబ్రోకార్టిలేజ్‌లో, సిగ్నల్ చాలా త్వరగా ఆరిపోతుంది కాబట్టి ఏ సీక్వెన్స్‌లోనైనా, అంటే స్కాన్ ఏ పద్ధతిలో తీసినా, ఇది నల్లగానే ఉండాలి.

[జూమ్: వెనక కొమ్ము]

ఇక్కడ లోపల తెల్లగా ఉంది. కానీ పై అంచుకీ తగల్లేదు, కింది అంచుకీ తగల్లేదు. చుక్కలా ఉంటే గ్రేడ్ 1, గీతలా ఉంటే గ్రేడ్ 2. పెద్దవాళ్లలో ఇది ఎక్కువగా అరుగుదల, పిల్లల్లో అయితే మామూలు రక్తనాళాలే కావచ్చు. రిపోర్టులో గ్రేడ్ 2 అని చూసి చిరిగిందని హడలిపోయేవాళ్లు చాలామందే ఉంటారు. ఆ గ్రేడుకి అర్థం చిరుగు అని కాదు.

[తర్వాతి స్లైస్ (స్కాన్‌లో ఒక పొర చిత్రం), బాణం గుర్తు]

ఇదిగో, ఇక్కడ గీత కింది అంచుని తాకింది. అయినా తొందరపడకండి. కనీసం రెండు స్లైసుల్లో తాకితేనే చిరుగని గట్టిగా చెప్పగలం. ఆ రెండూ పక్కపక్కవే కానక్కర్లేదు. ఒకే చోటు అయితే ఒకటి సాజిటల్‌లో, ఒకటి కరోనల్‌లో (ముందునుంచి చూసినట్టు) ఉన్నా సరిపోతుంది. ఒక్కదాంట్లోనే తాకితే 'అనుమానం' అని రాయాలి. స్లైస్ మందం 3, 4 మిల్లీమీటర్లు ఉంటుంది; పక్కనున్న ద్రవమో కొవ్వో అందులో కలిసిపోయి గీతలా అనిపించొచ్చు.

[తెర మీద: బయటి మెనిస్కస్, పీడీ, టీ2 పక్కపక్కన]

ఎక్కువగా బోల్తా కొట్టించేది ఇదీ. బయటి మెనిస్కస్ వెనక కొమ్ము మోకాలి నడిమికి ఎగబాకే చోట, కొల్లాజెన్ పోగులు అయస్కాంత క్షేత్రానికి దాదాపు 55 డిగ్రీల కోణంలో పడతాయి. ఎకో టైమ్ (సిగ్నల్‌ని అందుకునేదాకా ఆగే సమయం) తక్కువగా ఉండే టీ1, పీడీ సీక్వెన్సుల్లో అక్కడ ఉత్తి పుణ్యానికి తెల్లబడుతుంది. దీన్నే మ్యాజిక్ యాంగిల్ అంటారు. ఎకో టైమ్ ఎక్కువున్న టీ2లో ఆ తెలుపు పోతుంది. పోయిందని చిరుగు లేదని తేల్చేయకూడదు సుమా, ద్రవం దూరని చిరుగు కూడా టీ2లో మసకబారుతుంది. అంచు తాకిందా లేదా అన్నది మళ్లీ చూడాల్సిందే. దాని పక్కనే పాప్లిటియస్ టెండన్ (మోకాలి వెనక కండరానికి చెందిన స్నాయువు) కూడా ఉంటుంది, దాన్నీ చిరుగనుకోవద్దు; స్లైస్ వెంట స్లైస్ జరుపుతూ పోతే అది కండరంలో కలవడం కనిపిస్తుంది.

[తెర మీద: లోపలి మెనిస్కస్, వరుస స్లైసులు]

కొన్నిసార్లు తెల్లగీతే ఉండదు, ముక్కే ఉండదు. మెనిస్కస్ నడిభాగం సాజిటల్‌లో బో టై ఆకారంలో కనీసం రెండు స్లైసుల్లో రావాలి. ఒక్కదాంట్లోనే వచ్చిందంటే బకెట్ హ్యాండిల్ చిరుగేమోనని (లోపలి అంచు ముక్క బకెట్ పిడిలా విడిపోయే చిరుగు) నాచ్‌లోకి, అంటే తొడ ఎముక కింద నడిమి గాడిలోకి, చూడండి. పీసీఎల్ (మోకాలి లోపలి వెనక లిగమెంట్) కింద దానికి సమాంతరంగా ఇంకో నల్లపట్టీ కనిపిస్తే, ఊడివచ్చిన ముక్క అదే. పాత ఆపరేషన్లో మెనిస్కస్ కొంత తీసేసినా బో టైలు తగ్గుతాయి. అందుకే స్కాన్‌కి ముందే ఆ సంగతి అడిగి ఫారంలో రాయించాలి, లేకపోతే లేని ముక్క కోసం వెతుకుతూ కూర్చోవాలి.