చెప్పుల్లేని పాదమే కొలత: పార్కింగు స్థలాల్లో హంపులు, స్టాపర్లు, బొల్లార్డులు

అయ్యా, అమ్మా, అందరికీ నమస్కారం. లాడ్జీలు, కల్యాణ మండపాలు, ఆసుపత్రులు నడిపేవాళ్లు, పార్కింగు కాంట్రాక్టు చేసేవాళ్లు వచ్చారు కాబట్టి నేరుగా పనిలోకి దిగుతాను.

తిరుపతి పార్కింగు మిగతా ఊళ్ల పార్కింగు లాంటిది కాదు. చెన్నై నుంచో బెంగళూరు నుంచో రాత్రంతా నడిపిన డ్రైవరు తెల్లవారుజామున మూడు గంటలకు గేటులోకి వస్తాడు. సరిగ్గా ఆ వేళకే స్నానాలు చేసుకుని, చెప్పులు బండిలో వదిలేసి, పిల్లల్ని చంకనేసుకుని జనం ఎదురొస్తుంటారు. ఘాట్ రోడ్డు దిగి నేరుగా వచ్చిన బండికైతే బ్రేకులు ఇంకా వేడిగానే ఉంటాయి. ఇక్కడ ఏ పరికరం బిగించినా చెప్పుల్లేని మనిషి దాని మీదుగా నడుస్తాడని గుర్తు పెట్టుకునే బిగించాలి.

వేగం లెక్క ఒకటి చూద్దాం. గంటకు 20 కి.మీ. అంటే సెకనుకు అయిదున్నర మీటర్లు. నిద్రకళ్ల డ్రైవరు పిల్లాణ్ణి చూసి బ్రేకు మీద కాలు వేసేసరికి సెకనున్నర పడితే, అప్పటికే బండి 8 మీటర్లు వచ్చేసింది. బ్రేకు పట్టాక ఇంకో 3 మీటర్లు. మొత్తం 11 మీటర్లు, అంటే నాలుగు స్లాట్ల వెడల్పు దాటిపోయింది. అదే 10 కి.మీ. అయితే 5 మీటర్లలో, రెండు స్లాట్లలో ఆగిపోతుంది. మనకు కావలసింది ఆ పదే. ‘నిదానంగా వెళ్లండి’ అని బోర్డు పెడితే రాదది. బోర్డు చదివేవాడికి అసలు బోర్డు అక్కర్లేదు.

పార్కింగు అనగానే అందరూ అడిగేది ‘ఎన్ని హంపులు వెయ్యాలి’ అని. హంపు సంగతి చివర్లో. ముందు చూడవలసింది, బండికి నేరుగా ఎంత దూరం దొరుకుతోంది అన్నది. 80 మీటర్ల తిన్నని దారి ఇచ్చి మధ్యలో మూడు బంపులు, అంటే ఇరుకైన చిన్న హంపులు, వేస్తే, డ్రైవరు బంపు దగ్గర తొక్కి, దాటగానే లాగుతాడు. ఆ తిన్నని దారినే విరగ్గొట్టండి. 25, 30 మీటర్లకు ఒకచోట ఒక స్లాటంత స్థలం, అంటే రెండున్నర మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడవు, వదులుకుని 150 మి.మీ. ఎత్తు కర్బు రాళ్లతో దీవిలా కట్టండి. మొదటి వరస స్లాట్లు ఎడమవైపు, తరువాతి వరస కుడివైపు వచ్చేట్టు మార్చితే దారి దానంతటదే వంకర తిరుగుతుంది. బండి వంకరలో వేగం ఎత్తుకోలేదు. దీవిలో మొక్కలు వేస్తే మోకాలి ఎత్తు దాటనివ్వకండి, వాటి వెనక నిలబడ్డ పిల్లవాడు కనబడాలి.

కాంక్రీటు పోసే ముందు ఒక చిన్న పని చెయ్యండి. మీరు అనుకున్న దీవినీ, గీతలనూ ముగ్గుపిండితో నేల మీద గీయించండి, శనివారం పొద్దున్న చాలు. సాయంత్రానికి ముగ్గు ఎక్కడ చెరిగిందో అక్కడే టైర్లు నిజంగా తిరుగుతున్నాయి. ఏ మూల చెక్కుచెదరలేదో అక్కడ దీవి ఇంకా కొంచెం ముందుకు రావచ్చు. టెంపో ట్రావెలర్ తిరిగే మూలలు ఎలాగూ మీ కాగితం మీద గీసినట్టు ఉండవు.

జనం దారి దాటే ప్రధానమైన చోట, సాధారణంగా లిఫ్టు నుంచో మెట్ల నుంచో గేటుకు వెళ్లే దారిలో, బంపు కాదు, టేబుల్ టాప్ వెయ్యాలి. అంటే 75 నుంచి 100 మి.మీ. ఎత్తున బల్లపరుపు అరుగు. పైన కనీసం మూడు మీటర్ల సమతలం, రెండు వైపులా పదికి ఒకటి వాలు. 100 మి.మీ. ఎత్తుకు వాలు ఒక మీటరు వస్తుంది. మనిషి ఫుట్‌పాత్ ఎత్తులోనే నడిచిపోతాడు, వీల్‌చెయిరు దిగి ఎక్కనక్కర్లేదు, బండే ఎక్కి దిగుతుంది. నీళ్లు పోవడానికి పక్కన పైపు మరిచిపోతే మాత్రం నవంబరు వానల్లో ఆ అరుగు చెక్‌డ్యామ్ అవుతుంది.

ఇప్పుడు బంపు. రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 నాటి ఐ.ఆర్.సి. 99 మార్గదర్శకంలో చెప్పిన హంపు 3.7 మీటర్ల వెడల్పు, 100 మి.మీ. ఎత్తు, గంటకు 25 కి.మీ. కోసం. అది రోడ్డు కొలత. పార్కింగులో వాడేది రబ్బరు బంపు, సుమారు 350 మి.మీ. వెడల్పు, 50 మి.మీ. ఎత్తు. దుకాణంలో 75 ఎత్తుది కూడా చూపిస్తారు, వద్దనండి. ఏడుగురు ఎక్కి సామాను కట్టుకున్న బండి అప్పటికే కిందికి దిగి ఉంటుంది, ఎగిరి పడినప్పుడు అడుగు తగులుతుంది.

ఆరు మీటర్ల దారికి అరమీటరు ముక్కలు 10, చివర్ల గుండ్రటి ముక్కలు 250 మి.మీ.వి 2, మొత్తం అయిదున్నర మీటర్లు. మిగిలిన అరమీటరులో చెరో వైపు 250 మి.మీ. వానకు వదలండి. ఆ సందులోంచి బైకులు దూరతాయి. దూరకుండా సందు మధ్యలో వంగే ప్లాస్టిక్ స్తంభం ఒకటి నిలపండి.

ఇక ఊడిపోవడం సంగతి. ఊడిన బంపుల్లో తప్పు ఎక్కువగా రబ్బరుది కాదు, రంధ్రానిది. కాంక్రీటు నేల అయితే 12 మి.మీ. ఫాస్టెనర్, అంటే రంధ్రంలో విచ్చుకునే బోల్టు, పట్టుకుంటుంది, కానీ డ్రిల్లు చేశాక లోపల మిగిలిన పిండి ఊదెయ్యకపోతే ఫాస్టెనర్ పిండిని పట్టుకుంటుంది, కాంక్రీటును కాదు. పంపుతో ఊదాలి, బ్రష్షు తిప్పాలి, మళ్లీ ఊదాలి. తారు నేల అయితే విచ్చుకునే ఫాస్టెనర్ అసలు పనికిరాదు. మన ఎండకు తారు మెత్తబడి బోల్టు వదులవుతుంది. అక్కడ పొడుగాటి బోల్టు, రసాయన గ్రౌటు (రంధ్రంలో పోస్తే గట్టిపడే జిగురు) వాడి, డబ్బా మీద రాసిన సమయం గడిచేదాకా బండ్లు వదలకూడదు. ముక్కకు ఎన్ని రంధ్రాలుంటే అన్ని బోల్టులూ వెయ్యాలి. బోల్టు తల రబ్బరు పైభాగం కంటే లోపలికి దిగి ఉండాలి. మట్టి నేల మీద మాత్రం రబ్బరు బంపు పెట్టి డబ్బు పారేసుకోవద్దు, అక్కడ దీవులూ రాతి కూసాలే నయం.

బంపు మలుపులో వెయ్యకండి, వంగిన బైకు జారుతుంది. మలుపు తిరిగాక అయిదు మీటర్లకు, దారికి సరిగ్గా అడ్డంగా ఉండాలి. ర్యాంపు మీద, ర్యాంపు మొదట్లో కూడా వద్దు. దిగే బండి బరువు ముందు చక్రాల మీద ఉన్నప్పుడే అది ఎగిరితే బ్రేకు పట్టు తగ్గుతుంది. కాంక్రీటు హంపు మీద మామూలు ఎనామిల్ రంగు వేస్తే తడిసినప్పుడు సబ్బు రాసినట్టే. రోడ్డు రంగు తెప్పించి, లైటు పడితే మెరిసే గాజుపూసలతో పాటు గరుకు ఇసుక కూడా చల్లించండి.

వీల్ స్టాపరు అంటే చక్రం ఆగడానికి స్లాటు చివర నేలకు బిగించే అడ్డు. దాని ఎత్తు 100 మి.మీ. చాలు. కాంక్రీటుతో 150 కట్టిస్తే కార్ల బంపర్లు పగులుతాయి. గోడ నుంచి 900 మి.మీ. వదిలి బిగించండి, రివర్సులో పెట్టిన సెడాన్ డిక్కీ కూడా గోడకు తగలదు. గోడకు బదులు నడిచే దారి ఉంటే ఈ 900 లెక్క ఇంకా ముఖ్యం, లేకపోతే 1.2 మీటర్ల దారిలో సగం డిక్కీలే ఆక్రమిస్తాయి. రెండు స్లాట్లకు కలిపి ఒకే పొడవాటి స్టాపరు వేస్తే మనుషులు దాన్ని దాటబోయి తట్టుకుని పడతారు. స్లాటుకొకటి వేసి, మధ్యలో మనిషి పట్టేంత సందు ఉంచండి.

బొల్లార్డులంటే బండ్లు రాకుండా నేలలో పాతే పొట్టి స్తంభాలు. వాటి మధ్య ఖాళీ 1.2 మీటర్లు. వీల్‌చెయిరు వెళ్తుంది, ఆటో పట్టదు. పైపు 100 మి.మీ., నేలపైన 900, నేలలో 450, లోపల కాంక్రీటు నింపాలి. డ్రైవర్లు బండి నీడన చాప వేసుకుని పడుకోవడం మన ఊళ్లో మామూలే. దాన్ని ఏ హంపూ ఆపలేదు. నీళ్ల కుళాయి దగ్గర నాలుగు స్లాట్లు తీసేసి, చుట్టూ బొల్లార్డులు పెట్టి పైన షీటు వేసి ఇవ్వండి.

పోయే బండే దాటేట్టు పెట్టే ఇనప ముళ్ల పట్టీలు కొందరు అడుగుతున్నారు. ఒట్టికాళ్ల జనం తిరిగే చోట అవి వద్దే వద్దు.

నిర్వహణకు నెలకో అరగంట చాలు, వానలకు ముందూ బ్రహ్మోత్సవాలకు ముందూ తప్పనిసరి. స్పానరుతో ప్రతి బోల్టూ బిగించి చూడాలి, చివరి గుండ్రటి ముక్కలు ముందు చూడాలి, బైకులు తిరిగేది వాటి మీదే. ముక్క ఊడిపోయి బోల్టు మాత్రం నేల మీద నిలబడి కనిపిస్తే, కొత్త ముక్క వచ్చేదాకా ఆగకుండా ఆ రోజే గ్రైండరుతో నేలమట్టానికి కోయించండి. ఇక మీ స్థలాల కొలతలు తెచ్చుకున్నవాళ్లు అడగండి, ఒక్కొక్కటీ గీసి చూద్దాం.