రీస్టార్ట్ చేసే ముందు

అందరికీ నమస్కారం.

మన వైజాగ్‌లోనే ఒక ఆసుపత్రి. ఓపీ కౌంటర్లో వాడే సాఫ్ట్‌వేర్ రోజూ ఉదయం పది దాటగానే మొరాయించేది. లైనులో ముసలివాళ్లు, చంకలో పిల్లలతో తల్లులు. పాడేరు వైపు నుంచి తెల్లవారుజామునే బస్సెక్కి వచ్చినవాళ్లూ ఉండేవారు. కౌంటర్లో అమ్మాయి ఫోన్ చేస్తే మా టీమ్ చేసేది ఒకటే, సర్వర్ రీస్టార్ట్. పది నిమిషాలు బాగుండేది, మళ్లీ మామూలే. ర్యామ్ రెట్టింపు చేయించాం. డబ్బు ఖర్చయింది, లైను తగ్గలేదు.

రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ ఏం పోగొట్టుకున్నామో నాకు ఆలస్యంగా తెలిసింది. సర్వర్ ఇరుక్కుపోయిన ఆ నిమిషంలో, ఏ థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో ఒక్కో పనిని నడిపే పాయ) దేనికోసం ఆగిందో మెమరీలో ఉంటుంది. రీస్టార్ట్‌తో అదంతా తుడిచిపెట్టుకుపోతుంది. జావా అప్లికేషన్ అయితే జెస్టాక్ కమాండ్‌తో థ్రెడ్ డంప్, అంటే ఆ క్షణాన థ్రెడ్లన్నీ ఎక్కడున్నాయో చూపే జాబితా, తీయడానికి మామూలుగా కొన్ని సెకన్లు చాలు. ఒకటి కాదు, పది సెకన్ల తేడాతో మూడు తీయండి. ఆర్కే బీచ్‌లో ఒక్క ఫొటో తీస్తే అల వస్తోందో, వెనక్కి పోతోందో చెప్పలేం కదా! మూడింటిలోనూ అదే థ్రెడ్ అదే కోడ్ లైను దగ్గర నిలబడి ఉంటే అక్కడ వెతకాలి.

మా థ్రెడ్లన్నీ డేటాబేస్ జవాబు కోసం కాచుకుని ఉన్నాయి. సరే, మా డేటాబేస్ మైఎస్‌క్యూఎల్‌లో నెమ్మదిగా నడిచే క్వెరీలను (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలను) రాసిపెట్టే స్లో క్వెరీ లాగ్ చూద్దామంటే అసలు లేదు. అది డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేసినా, మనం మార్చకపోతే 10 సెకన్లు దాటిన క్వెరీలనే రాస్తుంది. మావి చాలావరకు నాలుగైదు సెకన్లవి. హద్దు 1 సెకనుకి దించాక దొరికాయి. పేరులో ఏ ముక్క కొట్టినా వెతికిపెట్టే క్వెరీ అది. వెతికే ముక్కకి ముందు కూడా శాతం గుర్తు (%, అంటే 'అక్కడ ఏమున్నా సరే') పెట్టిన లైక్ (LIKE) వెతుకులాటకి మామూలు ఇండెక్స్, అంటే పుస్తకం చివరి పదసూచి లాంటిది, అక్కరకు రాదు, వరసలన్నీ చదవాల్సిందే. మన వైపు 'అప్పల' అని కొడితే ఎంతమంది వస్తారో మీకు చెప్పక్కర్లేదు.

మరి పదింటికే ఎందుకు? అది ఏ లాగూ చెప్పలేదు. ఒక ఉదయం వెళ్లి ఆ కౌంటర్ వెనక స్టూలేసుకుని కూర్చున్నాను. జవాబు రాకపోతే ఆ అమ్మాయి మళ్లీ బటన్ నొక్కుతోంది. ముందు క్వెరీ ఇంకా నడుస్తూనే ఉంది, దాని వెనక ఇంకోటి చేరింది. రద్దీ ఎక్కువైన కొద్దీ ఒక్కో పేషెంటుకి మూడు నాలుగు క్వెరీలు. తప్పు ఆమెది కాదు, ఎదురుగా అంతమంది నిలబడి ఉన్నారు. 'వెతుకుతోంది' అన్న ఒక్క మాట కూడా స్క్రీన్ మీద పెట్టనిది మేము. అందుకే 'స్లోగా ఉంది' అని ఎవరైనా అంటే దాన్ని ఫిర్యాదుగా రాసుకుని వదిలేయకండి. ఏ స్క్రీను, ఎన్ని గంటలకి, అన్ని కౌంటర్లలోనా, ఎప్పటినుంచి అని అడగండి. ఈమధ్య ఏం మార్చారని కూడా అడగండి.

మా డ్యాష్‌బోర్డ్ మాత్రం అంతా బాగుందనే చెప్పేది, ఎందుకంటే అది సగటు చూపించేది. వందలో 95 రిక్వెస్టులు 0.2 సెకన్లలో, 5 మాత్రం 20 సెకన్లలో పూర్తయ్యాయనుకోండి. సగటు 1.2 సెకన్లు కూడా ఉండదు. ఆ అయిదుగురి అవస్థ అందులో కనబడదు. 99వ పర్సెంటైల్, అంటే వందలో 99 రిక్వెస్టులు ఎంతలోపు పూర్తయ్యాయో, చూస్తే 20 కనిపిస్తుంది. టైమవుట్ అయినవి, అంటే గడువు దాటి మధ్యలో ఆగిపోయినవి, మీ లాగ్‌లో అసలు పడుతున్నాయో లేదో కూడా చూసుకోండి. మాకు పడలేదు.

అలాగే సర్వర్ల గడియారాలు. ఒకటి యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో), ఇంకోటి మన టైములో ఉంటే అయిదున్నర గంటల తేడాతో లాగులు కలపలేక ఒక పూటంతా పోతుంది.

ఇంకొక్క మాట. లాగులో పేషెంట్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఉంటాయి. బయటివాళ్లకి పంపేముందు తీసేయండి. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చిందని మాత్రమే కాదు, వాళ్లు వైద్యం కోసం మనల్ని నమ్మి చెప్పిన వివరాలవి.

ఇప్పుడు తెర మీద పెడుతున్నది ఆ రోజు నాటి లాగ్, పేర్లు తీసేశాం. 10 గంటల 5 నిమిషాల దగ్గర చూడండి, ఒకే కౌంటర్ నుంచి ఒకే వెతుకులాట నాలుగుసార్లు.