మూడూ నాలుగూ కలిసే గడి

శ్రోతలకు నమస్కారం. గళ్ళనుడికట్టు పూరించే అలవాటున్నవాళ్ళకి అడ్డం, నిలువు అన్న మాటలు బాగా తెలుసు. అదే అడ్డం, అదే నిలువు, అక్షరాల చోట అంకెలు. అదీ కకురో. జపాన్ పజిళ్ళనగానే అందరూ సుడోకు అంటారు. నాకు మాత్రం కకురో అంటేనే ఎక్కువ ఇష్టం.

ప్రతి వరస మొదట్లో ఒక మొత్తం ఇస్తారు. ఖాళీ గళ్ళలో 1 నుంచి 9 వరకు అంకెలు వేసి ఆ మొత్తం తేవాలి. ఒక వరసలో వేసిన అంకె ఆ వరసలో మళ్ళీ వేయకూడదు. అంతే.

కాగితం లేకుండానే ఒక గడి పూరిద్దాం, రండి. అడ్డంగా రెండు గళ్ళు, మొత్తం 3. అంటే ఒకటీ రెండూ, వేరే దారి లేదు. నిలువుగా రెండు గళ్ళు, మొత్తం 4. రెండూ రెండూ నాలుగే కదా అంటారేమో. కుదరదు, వేసిన అంకె మళ్ళీ వేయకూడదు. కాబట్టి ఒకటీ మూడూ. ఈ రెండు వరసలూ ఒక గడిలో కలుస్తున్నాయి. అక్కడ ఏముండాలి? అడ్డం ప్రకారం ఒకటో రెండో. నిలువు ప్రకారం ఒకటో మూడో. ఇద్దరికీ ఒప్పుదల అయ్యేది ఒకటి! అది పడగానే అడ్డంలో రెండు, నిలువులో మూడు వాటంతట అవే పడిపోతాయి. ఎక్కడా ఊహించలేదు, ఎక్కడా అదృష్టం మీద వదిలేయలేదు. లెక్కలంటే టెన్షన్ పడేవాళ్ళు కూడా ధైర్యంగా కూర్చోవచ్చు, కూడిక వస్తే చాలు.

అమెరికాలో డెల్ అనే సంస్థ పజిల్ పత్రికలు కకురోని క్రాస్ సమ్స్ అన్న పేరుతో వేసేవి. జపాన్‌లో దీన్ని పెంచి పెద్దచేసింది 1980లో మొదలైన నికోలి అనే పజిళ్ళ పత్రిక. దాని స్థాపకుల్లో ఒకరైన మాకి కాజి 2021లో కన్నుమూశారు. సుడోకుకి ఆ పేరు పెట్టింది కూడా ఆయనే. నికోలిలో పజిళ్ళు మనుషులే కూర్చి తయారుచేస్తారు, పాఠకులు పంపినవీ వేస్తారు. నాకు అది చాలా నచ్చుతుంది. ఏ గడి ముందు తెరుచుకోవాలో, ఎక్కడ మనం కాసేపు ఆగాలో, ఎవరో మన కోసం ఆలోచించి పెట్టారన్నమాట.

మొదలుపెట్టేవాళ్ళకి ఒక్క మాట. పై మూల నుంచి వరసగా పూరించకండి. రెండు గళ్ళ వరసలకి 3, 4, 16, 17 అన్న మొత్తాలు ఎక్కడున్నాయో ముందు వెతకండి. 17 అంటే తొమ్మిదీ ఎనిమిదీ, 16 అంటే తొమ్మిదీ ఏడూ. ఆ రెండూ కలిసే గడిలో ఏ అంకె వేయాలో ఇప్పుడు మీకే తెలుసు. రెండు గళ్ళ 10 నాలుగు రకాలుగా వస్తుంది, దాని జోలికి తర్వాత వెళ్ళండి.